కుక్క అంటే పువ్వు

ఆరు నెలల చదువుకి వచ్చింది సైమీ
ఫిన్లాండ్ నుంచి మా బరంపురానికి,
సరిహద్దు మాటలు ఏరుకుంటానని.
పరంపురం అనేది. ‘బ’ ఆమె నోట్లో పలకదు.
ఒత్తులు మాత్రం ఒక్కటీ జారవు.
అక్క, బువ్వ, చెట్టు...
వాళ్ళ భాషా ఒత్తుల భాషేనట.
నేతవీధి మొగలో పడుకున్న గజ్జికుక్కని చూసి
“మా దగ్గర కుక్క అంటే పువ్వు” అంది మొదటిరోజే.
వీధంతా నవ్వింది. అది తోకాడించింది.

భంజ విహార్ హాస్టల్లో నీళ్ళు రాక
రెండోవారంలోనే పెట్టెతో మా ఇంట్లో దిగింది.
పఖాళలోకి అమ్మ వేసిన ఆవకాయ ముక్కని
మందులా మింగి, కళ్ళు తుడుచుకుని,
ఇంకోటి అడిగింది.

సాయంత్రాలు మెట్లమీద కూచుని ఆరాలు.
ఇంట్లో ఏ భాష? తెలుగు.
బడిలో? ఒడియా.
కోపమొస్తే? నాన్నకి ఒడియా, అమ్మకి తెలుగు.
కల్లో?
ఆలోచించి చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు.
తెలుగులో నీ పేరు రాసివ్వు, అంది.
రాసిచ్చాను.
కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.
“ఇది ఒడియా కదా.”
అవును. మా ఇంట్లో తెలుగు
ఒడియా చొక్కా తొడుక్కునే బయటికెళ్తుంది.
సరుకుల చీటీ, పెళ్ళిపాటలు, చేబదుళ్ళు
అన్నీ ఆ గుండ్రటి గొడుగుల కిందే.

అప్పుడు లేచాడు నాన్న.
మగ్గం గుంట పూడ్చి గచ్చు చేసిన గదిలోంచి
రేకుపెట్టె లాక్కొచ్చాడు.
మూటగుడ్డలో కూర్మన్న తాత పుస్తకం.
తాత పోయి ముప్ఫయ్యేళ్ళు.
ఏటా దసరాకి దానికి పసుపు రాసి, బొట్టుపెట్టి,
మళ్ళీ కట్టేసేవాళ్ళం.
దేవుడి పుస్తకమనుకునేదాన్ని చిన్నప్పుడు.
లోపలేముందో నాన్నకీ తెలీదు,
ఆయనదీ ఒడియా బడే.
ఎవర్నయినా అడగొచ్చు. అడగలేదు.
అప్పులు బయటపడతాయని భయం, అన్నాడొకసారి.

సైమీ చేతులు కడుక్కొచ్చింది.
ఒకటో తరగతి పిల్లలా వేలుపెట్టి,
అక్షరం దగ్గర ఆగి, దీర్ఘం దగ్గర సాగి:
“జరీ రెండు తులాలు.
నీలిమందు అరువు.
ఇచ్ఛాపురం షావుకారు ఇవ్వాల్సింది పదకొండు రూపాయలు.
పాపమ్మకి... కాజులు.”
గాజులు, అన్నాన్నేను.
పాపమ్మ ఎవరు నాన్నా?
మేనత్తలెవరికీ ఆ పేరు లేదు.
“సదువమ్మా” అన్నాడు నాన్న, ఆమెతో.

“ఇవాళ వాన. పడుగు తడిసింది. ఎవరూ రాలేదు.
పిల్లాడు ఒళ్ళో నిద్రపోయాడు.”

ఆ పిల్లాడికిప్పుడు అరవై ఒకటి.
లేచి పంపు దగ్గరికెళ్ళి
శుభ్రంగా ఉన్న బిందెనే మళ్ళీ తోమాడు.

నాకు కోపమొచ్చింది, నిజం చెప్పాలి కదా.
మంచుదేశపు పిల్ల, రెండేళ్ళ తరగతులతో
మా తాతని మాకు పరిచయం చెయ్యడమేంటి?
ఆ రాత్రి మాట్లాడలేదు.
మర్నాడు గేటుబజారులో పలక కొన్నాను.
“పిల్లలకా?” అన్నాడు కొట్టువాడు.
అవునన్నాను.

అ ఆ దిద్దించింది.
నా తలకట్లు గొడుగుల్లా వంగిపోతున్నాయని విసుక్కునేది.
నేనామెకి ‘బ’ నేర్పాను,
పెదాలు మూసి, గొంతు మోగించి, మళ్ళీ మళ్ళీ.
డిసెంబరులో ప్లాట్‌ఫారం మీద
బోర్డు చూసి “బరంపురం” అంది, సరిగ్గా.
ట్రైను గంటన్నర లేటు.
ఏడుపు తొందరగా అయిపోయి
మిగిలిన టైమంతా పల్లీలు తిన్నాం.

పుస్తకం ఇప్పుడు నేనే చదువుతున్నాను, రోజుకో పేజీ.
పాపమ్మ మళ్ళీ ఎక్కడా రాలేదు.
ఈ రాస్తున్న ‘క’ కి కొమ్ము
సైమీ పెట్టినట్టే కాస్త ఎక్కువ సాగుతుంది,
మార్చుకోలేదు.

బయట నాన్న, చేతిలో చల్దన్నం,
వీధి మొగకేసి పిలుస్తున్నాడు:
“పువ్వా... ఓ పువ్వా...”
గజ్జి తగ్గింది దానికి.
పరిగెత్తుకొస్తోంది.